ముందు ఓడనివ్వండి: ఎన్నికల ఆట తయారుచేసేవాళ్లకు తలకిందుల సలహాలు

2019 ఆంధ్రప్రదేశ్ అసెంబ్లీ ఎన్నికల్లో తెలుగుదేశానికి 39 శాతం పైచిలుకు ఓట్లొచ్చాయి. సీట్లు 23. అయిదేళ్ల తర్వాత 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కు వచ్చినవీ 39 శాతం పైచిలుకే. సీట్లు మాత్రం 11. అదే రాష్ట్రం, అవే 175 నియోజకవర్గాలు, ఇంచుమించు అవే ఓట్లు. మరి సీట్లు సగానికి ఎందుకు పడిపోయాయి?

ఎన్నికల వ్యూహం మీద తయారైన ఆట ఏదైనా సరే, ఆడి లేచినవాడు ఈ ప్రశ్నకు సొంతంగా జవాబు చెప్పగలిగితే అది మంచి ఆట. చెప్పలేకపోతే అందులో బొమ్మలు ఎంత బాగున్నా, నాయకుల పేర్లు ఎంత సరదాగా పెట్టినా దండగే.

ఇలాంటి ఆటలు తయారుచేసే వాళ్లందరిదీ ఒకటే బాధ. బల్ల మీద కార్డులతో ఆడే ఆటైనా, ఫోనులో ఆడేదైనా, ఆడేవాళ్లకు లోపల ఏం జరుగుతోందో అంతుపట్టడం లేదంటారు. దానికి అందరూ చేసే వైద్యం కూడా ఒకటే. వివరణ పెంచుతారు. మొదట్లో పాఠం పెడతారు, ప్రతి బటన్ పక్కన ప్రశ్నార్థకం గుర్తు పెడతారు, తెర నిండా శాతాలు నింపుతారు, రూల్ బుక్కు ఇంకో పది పేజీలు కలుపుతారు. నా సలహా దీనికి పూర్తిగా ఎదురు. వివరణ తగ్గించండి. ఉన్నదాన్ని కూడా ఆట మొదటి నుంచి తీసి చివరికి మార్చండి. ఆటగాడు ముందు ఓడిపోవాలి. ఎందుకు ఓడిపోయాడో ఆ తర్వాత ఒక్కొక్క ఓటూ లెక్కపెట్టి చూపించాలి. ఇది నిర్దయగా, వ్యాపారానికి చేటుగా కనిపిస్తుందని తెలుసు. అయినా ఇదే దారి అని నా గట్టి నమ్మకం.

ట్యుటోరియల్ తీసెయ్యండి

‘ఇక్కడ నొక్కండి, ఇప్పుడు సభ పెట్టండి, ఇప్పుడు కరపత్రాలు పంచండి’ అంటూ బాణం గుర్తులతో చెయ్యిపట్టి నడిపించే భాగాన్ని మొత్తంగా తీసెయ్యండి. అందులో ఆటగాడు ఎక్కడ నొక్కాలో నేర్చుకుంటాడు గానీ ఎందుకు నొక్కాలో నేర్చుకోడు. పైగా చెప్పినట్టు చేస్తే గెలుస్తామని నమ్ముతాడు. ఎన్నికల ఆటకు ఇంతకంటే చెడ్డ పునాది లేదు.

దాని స్థానంలో పది నిమిషాల్లో ముగిసిపోయే చిన్న ఎన్నిక పెట్టండి. అయిదు నియోజకవర్గాలు, ఒక్కోదానిలో 100 ఓట్లు, ఇద్దరే పోటీదారులు. మొదటి రెండూ ఆటగాడికి పట్టున్న చోట్లు. అక్కడ సభ పెడితే జనం విరగబడి వస్తారు, చప్పట్లు మోగుతాయి. మిగతా మూడూ అటూ ఇటూగా ఉన్నవి. అక్కడ సభ పెడితే పెద్దగా సందడి ఉండదు. కొత్తగా ఆడేవాడు తప్పకుండా చప్పట్లు మోగిన చోటికే మళ్లీ మళ్లీ వెళతాడు. చివరికి అతనికి మొదటి రెండు చోట్లా 80 చొప్పున, మిగతా మూడు చోట్లా 45 చొప్పున ఓట్లు వస్తాయి. అన్నీ కలిపితే 500లో 295. ఎదుటివాడికి 205. అయినా ఎదుటివాడే 3–2తో ప్రభుత్వం ఏర్పాటు చేస్తాడు.

అప్పుడు బల్ల దగ్గర వినిపించే మాట నాకు చాలా ఇష్టం. ‘అన్నా, ఓట్లు నాకే ఎక్కువొచ్చినయి గదా, వాడెట్ల గెలిచిండు?’ ఆ ప్రశ్న ఆటగాడి నోటి నుంచి వచ్చిందంటే సగం పని అయిపోయినట్టే. ముందే చెప్పి ఉంటే అతను తలూపి మరిచిపోయేవాడు. ఇప్పుడు జవాబు కావాలని తనే అడుగుతున్నాడు. రెండు చోట్ల 51 చాలిన దగ్గర 80 తెచ్చుకున్నావు, పైన పడ్డ 29 ఓట్లు ఎందుకూ కొరగాలేదు, అదే శ్రమ మిగతా మూడు చోట్ల పెట్టి తలా ఆరు ఓట్లు లాక్కుని ఉంటే అయిదూ నీవే అని చెప్పండి. రెండు వాక్యాలు చాలు.

ఒక్క షరతు ఉంది. ఈ మొదటి ఓటమిలో అదృష్టానికి చోటు ఉండకూడదు. పాచిక వద్దు, తుపాను కార్డు వద్దు, చివరి నిమిషంలో బయటపడే వీడియో వద్దు. ఓటమికి ఆటగాడి నిర్ణయం, ఆట రూలు తప్ప మూడో కారణం కనిపించకూడదు. అదృష్టం ఒక్క పిసరు కలిసినా మనిషి తప్పంతా దాని మీదికే నెట్టేస్తాడు, ఇక ఏమీ నేర్చుకోడు.

మొత్తం ఓట్ల శాతం చూపించకండి

దాదాపు ప్రతి ఎన్నికల ఆటలోనూ తెర పైభాగాన పెద్ద పట్టీ ఉంటుంది. మీ పార్టీకి ఇంత శాతం, వాళ్లకు ఇంత శాతం. అది లేకపోతే ఆటగాడు దారి తప్పుతాడని భయం. నిజానికి దారి తప్పించేది ఆ పట్టీయే. కళ్ల ముందు ఒక పెద్ద అంకె ఉంటే మనిషి దాన్ని పెంచడమే ఆట అనుకుంటాడు. మన ఎన్నికల్లో మొత్తం శాతానికి బహుమతి లేదు. బహుమతి ఒక్కో నియోజకవర్గంలో మొదటి స్థానానికి.

మొదట చెప్పిన 39 శాతం సంగతే చూడండి. పార్టీ తెచ్చుకున్న ఓట్లకంటే మిగిలిన 61 శాతం ఎలా చీలిందన్నది ముఖ్యం. 2019లో అందులో 50 శాతం దాకా వైఎస్సార్ కాంగ్రెస్ ఒక్కదానికే పడి, మిగిలినవి జనసేన, బీజేపీ, ఇతరుల మధ్య చెదిరిపోయాయి. 2024లో తెలుగుదేశం, జనసేన, బీజేపీ కలిసి పోటీ చేశాయి. అటు ఓటు ఇంకా చిక్కగా ఒకేచోట పడి కూటమి 164 సీట్లు గెలిచింది. తెర మీద పట్టీలో మాత్రం ఓడిన పార్టీ అంకె రెండుసార్లూ ఒకేలా కనిపిస్తుంది. ఆ అంకెను నమ్ముకున్న ఆటగాడికి తన సీట్లు ఎందుకు పోయాయో ఎప్పటికీ తెలియదు. తెలంగాణలో 2023లో కాంగ్రెస్‌కూ బీఆర్ఎస్‌కూ మధ్య తేడా రెండు శాతం పైచిలుకు మాత్రమే. సీట్లలో తేడా 64కు 39.

పట్టీ తీసేసి దాని స్థానంలో నియోజకవర్గాల పటం పెట్టండి. ఒక్కో నియోజకవర్గం మీద ఒకే సమాచారం ఉండాలి: ఇక్కడ ఎంతమంది గట్టి పోటీదారులున్నారు? ఇద్దరా, ముగ్గురా, టికెట్ దక్కక తిరగబడ్డ రెబెల్ కూడా ఉన్నాడా? ఇద్దరే ఉంటే గెలవడానికి సగం దాటాలి. ముగ్గురుంటే 35 శాతంతో కూడా గట్టెక్కవచ్చు. ఆటగాడి కన్ను తన ఓట్ల మీది నుంచి ఎదుటివాళ్ల సంఖ్య మీదికి మళ్లితే, పొత్తులు ఎందుకు పెట్టుకుంటారో, రెబెల్‌ను బుజ్జగించడానికి పెద్ద నాయకులు అర్ధరాత్రి దాకా ఎందుకు కూర్చుంటారో చెప్పకుండానే తెలుస్తుంది. మొత్తం శాతం చూడాలనిపిస్తే ఆట ముగిశాక చూసుకోనివ్వండి.

గెలుపు అవకాశాన్ని శాతాల్లో చెప్పకండి

2016 అమెరికా అధ్యక్ష ఎన్నిక రోజు ఉదయం ఫైవ్‌థర్టీఎయిట్ సంస్థ ట్రంప్‌కు ఇచ్చిన అవకాశం 28 శాతం పైచిలుకు. అంటే నాలుగింట ఒకటి కంటే ఎక్కువ. చదివినవాళ్లలో ఎంతోమంది దాన్ని ‘గెలవడు’ అని అర్థం చేసుకున్నారు. ఆటల్లోనూ ఇదే జరుగుతుంది. సివిలైజేషన్ ఆటల రూపకర్త సిడ్ మయర్ 2010లో ఆటల రూపకర్తల సదస్సులో మాట్లాడుతూ, మూడుకు ఒకటి బలం తమదైనప్పుడు ఓడిపోతే ఆటగాళ్లు మోసం జరిగిందనే అనుకుంటున్నారని చెప్పాడు. అంకె తప్పు కాదు. అంకెను మనసు మోసే తీరు వేరు.

మయర్ మనసుకు తగ్గట్టు లెక్కను సర్దాడు. నేను చెప్పేది ఇంకోటి. అంకెను పూర్తిగా తీసేసి, దాని స్థానంలో చేత్తో పట్టుకునే వస్తువు పెట్టండి. కెన్నెడీ, నిక్సన్ పోటీ మీద 2007లో వచ్చిన ‘1960: ద మేకింగ్ ఆఫ్ ద ప్రెసిడెంట్’ అనే బల్ల ఆటలో ఒక సంచి ఉంటుంది. అందులో ఇద్దరి రంగుల చెక్క ముక్కలుంటాయి. ఎదుటివాడు పట్టు సాధించిన రాష్ట్రంలో ప్రచారం చేయాలంటే సంచిలో చెయ్యిపెట్టి ముక్కలు తియ్యాలి. మీ రంగు వచ్చినన్ని మాత్రమే పనికొస్తాయి. అంతకుముందు ఒళ్లు అలవకుండా కాస్త విశ్రాంతి తీసుకుని ఉంటే సంచిలో మీ రంగు ముక్కలు పెరిగి ఉంటాయి. ఆ సంచిని తెలిసిన ఆటగాడికి శాతాలు అక్కర్లేదు. ఎన్ని వేశాడో అతని వేళ్లకు గుర్తుంటుంది. ఎదుటివాడి రంగు వస్తే తిట్టుకుంటాడు గానీ మోసమనడు, ఎందుకంటే తీసింది తన చెయ్యే.

ఫోను ఆటలోనూ ఇది చెయ్యవచ్చు. తెర మీద పది చీటీలు చూపించి, ఏడు మీవి, మూడు వాళ్లవి అని చెప్పి, వాటిని కలిపి, ఆటగాడి వేలితోనే ఒకటి తీయించండి. తీసిన చీటీ వెనక్కి వెయ్యొద్దు. పది అయిపోయాకే మళ్లీ కలపండి. అప్పుడు చెడ్డ చీటీ వచ్చాక మంచి చీటీల వంతు పెరుగుతుంది. గణితశాస్త్రం తెలిసినవాళ్లు అది వేరే లెక్క అంటారు. అవును, వేరే లెక్కే. అందరికీ అర్థమయ్యే లెక్క.

డబ్బు ఖర్చు పెట్టగానే ఫలితం చూపించకండి

ఇది చెప్పగానే ఆటలు తయారుచేసే కుర్రాళ్లు నా మీదికి వస్తారు. ఏ బటన్ నొక్కినా వెంటనే జవాబు రావాలన్నది వాళ్ల మొదటి సూత్రం. బ్రిటన్‌లో క్లిఫ్ హారిస్ తయారుచేసిన ‘డెమోక్రసీ’ ఆటలు దానికి మంచి ఉదాహరణ. ఒక విధానం మీద వేలు పెట్టగానే అది దేన్ని పెంచుతుందో, దేన్ని తగ్గిస్తుందో ఆకుపచ్చ, ఎరుపు గీతలు పాకుతూ చూపిస్తాయి. పాలన మీద ఆటకు అది సరిగ్గా సరిపోయింది. పన్ను పెంచితే ఖజానాకు ఎంత వస్తుందో ప్రభుత్వం దగ్గర లెక్కలుంటాయి. ఎన్నిక అలా కాదు. సభకు వచ్చిన జనంలో ఎందరు ఓటేస్తారో సభ పెట్టిన నాయకుడికే తెలియదు. తెలిసినట్టు గీత గీస్తే మీరు ఆటగాడికి అబద్ధం నేర్పుతున్నారు.

గీతల బదులు మనుషుల్ని పెట్టండి. సభ అయ్యాక బూత్ కమిటీ నుంచి కబురు రావాలి: ‘మనదే లీడు, డౌటే లేదు.’ మండల నాయకుడి నుంచి ఇంకో కబురు: ‘పర్వాలేదు గానీ పక్క ఊళ్లో కాస్త చూసుకోవాలి.’ టీ కొట్టు దగ్గర విన్న మాట ఒకటి. నాలుగోది డబ్బిచ్చి చేయించుకున్న సర్వే. వీటిలో కొన్ని తప్పు. అలాంటప్పుడు ఆట ఎలా స్పష్టమవుతుందని అడగవచ్చు. ఎవరు ఎటు తప్పు చెబుతారన్నది ఆట మొత్తంలో మారకూడదు. బూత్ కమిటీ ఎప్పుడూ పెంచే చెప్పాలి, ఒక్కసారి కూడా తగ్గించి చెప్పకూడదు. సర్వే ఎప్పుడూ వారం పాతదై ఉండాలి. ఈ నిలకడ ఉంటే రెండో ఆటకల్లా ఆటగాడు ‘వీడు లీడు అన్నాడంటే సమానంగా ఉందన్నమాట’ అని తనే తగ్గించుకుంటాడు. ఊళ్లలో ఎన్నికలు నడిపిన పెద్దవాళ్లు చేసేది సరిగ్గా ఇదే. దాన్ని ఏ ప్రశ్నార్థకం గుర్తూ నేర్పలేదు.

వింత రూళ్లను సులువు చెయ్యకండి

మన ఎన్నికల చట్టంలో బయటివాళ్లకు వింతగా కనిపించే సంగతులు చాలా ఉన్నాయి. మనలాంటి పెద్ద రాష్ట్రాల్లో అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షలకు మించి ఖర్చు పెట్టకూడదు. పార్టీ చేసే ఖర్చుకు మాత్రం పరిమితి లేదు. ఆట తయారుచేసేవాళ్లు దీన్ని చూసి గందరగోళమని రెండు పర్సుల్నీ ఒకటి చేసేస్తారు. చెయ్యొద్దు. రెండు పర్సులూ తెర మీద పక్కపక్కనే ఉండనివ్వండి, ఒకదానికి మూత, ఒకదానికి లేదు. హెలికాప్టర్ సభలు ఎవరి ఖాతాలో రాయించాలా అని ఆటగాడు ఆలోచించడం మొదలుపెడతాడు.

పోలైన చెల్లే ఓట్లలో ఆరో వంతు దాటకపోతే డిపాజిట్ గల్లంతు. నామినేషన్ల ఉపసంహరణకు ఆఖరి రోజు ఉంది. పోలింగ్ ముగిసే గడియకు 48 గంటల ముందు ప్రచారం ఆగిపోవాలి. ఈ గడువులను ఆటలో యథాతథంగా వాడుకోండి. ‘అన్‌డూ’ బటన్ ఎంతవరకు ఉండాలన్న చర్చ కూడా తీరిపోతుంది. ఉపసంహరణ రోజు దాకా ఏ అభ్యర్థినైనా వెనక్కి తీసుకోవచ్చు, ఆ గడువు దాటాక లేదు. ఎందుకు లేదో ఎవరికీ వివరించాల్సిన పని లేదు.

2019లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీ చేశారు. వాళ్లలో ఎక్కువమంది గిట్టుబాటు ధర కోసం నిరసనగా నామినేషన్లు వేసిన పసుపు, ఎర్రజొన్న రైతులు. ఒక్కో పోలింగ్ కేంద్రంలో 12 బ్యాలెట్ యూనిట్లు వరుసగా పెట్టాల్సి వచ్చింది. రైతుల కోపం ఓటింగ్ యంత్రాల పొడవుగా మారిన ఆ ఘటన లాంటిదాన్ని ఆటలో పెట్టకుండా వదిలేయడానికి నాకు మనసు రాదు.

ఇక్కడ మాత్రం ముందే చెప్పాల్సినది ఒకటుంది. ఓడిపోతూ నేర్చుకోలేని రూళ్లను మొదటి పేజీలోనే అచ్చు వెయ్యండి. ఇద్దరికీ సమానంగా ఓట్లొస్తే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం రిటర్నింగ్ అధికారి చీటీ తీసి తేలుస్తారు. వంద ఆటల్లో ఒకసారి వస్తుందో రాదో. వచ్చిన రోజున ముందే తెలియకపోతే ఆటగాడు బల్ల తన్నేసి పోతాడు, అతని తప్పేమీ లేదు.

లెక్కింపును సాగదీయండి

అన్నిటికంటే నేను పట్టుబట్టే సలహా ఇది. ఎక్కువ ఆటల్లో పోలింగ్ అవ్వగానే ఒక బటన్, ఒక టపాకాయ బొమ్మ, ఫలితం. ఆటగాడు విసుగెత్తుతాడని త్వరగా ముగిస్తారు. అన్నాళ్లూ దాచిందంతా విప్పి చూపించే చోటు ఇదొక్కటే. దాన్నే కత్తిరిస్తే ఇంకెక్కడ చెబుతారు?

నిజమైన లెక్కింపు ఎలా సాగుతుందో చూడండి. ముందు పోస్టల్ బ్యాలెట్లు. తర్వాత యంత్రాలు. సాధారణంగా ఒక నియోజకవర్గానికి 14 టేబుళ్లు, రౌండుకు 14 బూత్‌లు. రెండు వందల పైచిలుకు బూత్‌లుంటే పదిహేను, ఇరవై రౌండ్లు. టేబుల్ ఎదుట జాలీ అవతల కూర్చున్న ఏజెంట్లు కాగితం మీద అంకెలు రాసుకుంటూ ఉంటారు. ఆరో రౌండులో మూడు వేల లీడులో ఉన్నవాడు తొమ్మిదో రౌండులో వెనకబడతాడు. ఏజెంటు మాత్రం కంగారు పడడు, ఇంకా ఫలానా మండలం పెట్టెలు తెరవలేదని అతనికి తెలుసు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ 9 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ రోజు హాల్లో కూర్చున్న ఏజెంట్లకు ఒక్క బూత్ విలువ ఎంతో ఎవరూ చెప్పాల్సిన పని పడి ఉండదు.

మీ ఆటలోనూ రౌండ్లు పెట్టండి. మొదటి ఆటలో దాటవేసే బటన్ వద్దు. ప్రతి రౌండు ముందూ ఆటగాణ్ణి ఒకే ప్రశ్న అడగండి: ఈ మండలంలో ఎవరికి లీడు వస్తుంది? అతను చెప్పాక పెట్టె తెరవండి. తప్పిన ప్రతి అంచనా దగ్గరా అతను ఆగి చూస్తాడు. అక్కడ ఒక్క వాక్యం చాలు, అది కూడా అతను చేసిన పనే అయి ఉండాలి: ‘నాలుగో వారంలో ఈ ఊరి సభ రద్దు చేశారు’, ‘ఇక్కడి రెబెల్‌కు 1,140 ఓట్లు పడ్డాయి, మీరు ఓడింది 900తో’. ఆట లోపలి సూత్రాలు చెప్పొద్దు, గుణకాలు చూపొద్దు.

లెక్కింపు పూర్తయ్యాక ఎన్నికల సంఘం ఫారం 20 అనే పట్టిక విడుదల చేస్తుంది. ఏ పోలింగ్ కేంద్రంలో ఏ అభ్యర్థికి ఎన్ని ఓట్లో వరుసగా ఉంటుంది. పార్టీల్లో పనిచేసేవాళ్లు ఓడిన తర్వాత మొదట చదివేది దాన్నే. వచ్చే ఎన్నిక దాకా అదే వాళ్ల పాఠ్యపుస్తకం. మీ ఆట చివర అచ్చం అలాంటి పట్టిక ఇవ్వండి. బొమ్మలొద్దు, రంగుల వృత్తాలొద్దు, బూత్ నంబరు, ఊరు, అంకెలు. ఎవరు చదువుతారంటారా? గెలిచినవాడు చదవడు. ఓడినవాడు వేలు పెట్టి ఒక్కో వరుసా చదువుతాడు, ఆట అర్థం కావాల్సింది అతనికే. రెండో ఆట మొదలైనప్పుడు ఆ పట్టిక అతని పక్కనే తెరిచి ఉండేలా చూడండి.

అర్థమైందా అని అడగకండి

ఆటను నలుగురితో ఆడించి చూసేటప్పుడు అందరూ చివర్లో ‘అర్థమైందా?’ అని అడుగుతారు. మర్యాద ఉన్నవాళ్లెవరైనా అయిందనే అంటారు. మీరు అది అడగొద్దు. ఆట నడుస్తుండగా సాయం కూడా చెయ్యొద్దు. ఆడేవాడు మీ వంక చూస్తే కిటికీ బయటికి చూడండి. ఇది చాలా కష్టం, ముఖ్యంగా ఆడేది సొంత చెల్లెలో, స్నేహితుడో అయితే.

ఓడిపోయిన వెంటనే, పట్టిక చూపించకముందు, ఒక కాగితం ఇచ్చి ఎందుకు ఓడిపోయారో రాయమనండి. తర్వాత పట్టిక ఇచ్చి, చదవనిచ్చి, రెండో కాగితం మీద అదే ప్రశ్నకు మళ్లీ రాయమనండి. మొదటి కాగితం మీద ‘బ్యాడ్ లక్’, ‘కంప్యూటర్ చీటింగ్’ అని ఉంటుంది. అది మామూలే. రెండో కాగితం మీద ఊరి పేరో, రెబెల్ పేరో, ఫలానా వారమో కనిపించాలి. కనిపించకపోతే పట్టికలో ఏ వరుస దగ్గర అతని వేలు ఆగలేదో చూసి, దాన్ని సరిచెయ్యండి. రూల్ బుక్కును మాత్రం ముట్టుకోకండి.